పొగ మేస్త్రీ కట్టిన వెచ్చని గది

ఇప్పుడు మా వీధిలో తిరిగే బస్సులకి చప్పుడూ లేదు, పొగా లేదు. వెనకనుంచి పిల్లిలా వచ్చి ఆగుతాయి, నాకు గుండె ఆగినంత పనవుతుంది. కరెంటు బస్సులట. మంచిదే, నేనేం వద్దనలేదు. ఎప్పుడైనా పాత డీజిల్ లారీ ఎదురైతే చాలు, మా మనవరాలు ముక్కు మూసుకుని "ఛీ, కంపు" అంటుంది. నేను మాత్రం ఆగి మరీ పీలుస్తాను. "నీకేమైనా పిచ్చా అమ్మమ్మా?" అంటుంది. పిచ్చే అనుకో! ఆ వాసనలో నా పడుచుదనం ఉంది, మా అక్క ఉంది, మా బావ ఉన్నాడు. ఆ పొగ ఒంటికి మంచిది కాదని నాకు తెలియదా ఏంటి? మా ఇంట్లో తెలిసినంత బాగా ఇంకెవరింట్లోనూ తెలిసి ఉండదు. అయినా ముక్కుకి బుద్ధి చెప్పడం ఎవరి తరం?

మా బావ బస్సు డిపోలో మెకానిక్కు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. మేనేజరు దగ్గర్నుంచి గేటు కాసేవాడి దాకా అందరికీ "పొగ మేస్త్రీ"యే. మా అక్క ఆ డిపోలోనే టీ గది నడిపేది. నేను సీట్ల షెడ్డులో పనిచేసేదాన్ని. చిరిగిన రెక్సిన్ విప్పి, లోపల అణగారిపోయిన పీచు సర్ది, మళ్ళీ పెద్ద సూదితో బిగించి కుట్టడం నా పని. ముగ్గురం పొద్దున లేస్తే ఒకే ప్రహరీ లోపల. మరదలంటే బావకి అలుసు కదా, నా షెడ్డు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా "ఏం మరదలా, సీటు కుడుతున్నావా, నీ నోరు కుట్టుకుంటున్నావా?" అనేవాడు. "నీ గోళ్ళు ముందు కడుక్కో బావా" అనేదాన్ని. నిజంగానే ఆ గోళ్ళకింది మసి పెళ్ళినాడు కూడా వదల్లేదు. పెళ్ళి ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది, చేతులు రెండూ వెనక్కి దాచుకుని నిలబడ్డాడు మహానుభావుడు.

పొగ మేస్త్రీ అన్న పేరు ఊరికే రాలేదు. పొద్దున్నే బస్సులన్నీ వరసగా స్టార్ట్ చేసేవారు. బావ ఒక్కో బస్సు వెనకాల నిలబడి "తొక్కు!" అని అరిచేవాడు. డ్రైవరు ఒక్కసారి యాక్సిలరేటర్ అదిమితే భళ్ళున పొగ కక్కేది. ఆ పొగ చూసి జబ్బు చెప్పేవాడు. నల్లగా వస్తే "దీనికి తిండెక్కువైంది, గాలి చాలడంలేదు, ఫిల్టరు విప్పండి" అనేవాడు. నీలంగా వస్తే "ఇది డీజిల్‌తోపాటు ఇంజనాయిలు కూడా తాగేస్తోందిరా, రింగులు అరిగిపోయాయి" అనేవాడు. తెల్లగా వస్తే మొహం చిట్లించి "తిన్నది అరక్క అలాగే పోతోంది" అనేవాడు. వినేవాళ్ళకి ఇంజన్ల గురించి మాట్లాడుతున్నాడో, పసిపిల్లల గురించి మాట్లాడుతున్నాడో తెలిసేది కాదు.

అది సరిపోదన్నట్టు గుడ్డ పరీక్ష ఒకటి. జానెడు తెల్లగుడ్డ ముక్క సైలెన్సర్ నోటికి పట్టుకుని, ఇంజను కాసేపు ఆడించి, ఎంత మసి పట్టిందో చూసేవాడు. ఆ గుడ్డ మీద బస్సు నంబరు రాసి టీ గది బయట తీగకి తగిలించేవాడు. సాయంత్రానికి అందరికంటే నల్లగుడ్డ ఎవరి బస్సుదైతే ఆ డ్రైవరు మిగతావాళ్ళకి టీ ఇప్పించాలి. అదీ మా డిపో ఆచారం. బలంగా తొక్కి నడిపే బొర్ర డ్రైవరు ఒకడుండేవాడు. వాడి గుడ్డ రోజూ బొగ్గులాగే ఉండేది. "మేస్త్రీ, నా మీద పగబట్టావు" అని గింజుకునేవాడు. బావ చెయ్యి అడ్డంగా ఊపి "గుడ్డ అబద్ధం చెప్పదు" అనేవాడు. ఆ మాట మీదే బతికాడు ఆయన.

ఆ పొద్దుటిపూటలు ఇప్పటికీ నా కళ్ళముందే ఉన్నాయి. షెడ్డు రేకుల సందుల్లోంచి ఎండ పడితే ఆ పొగలో బద్దలు బద్దలుగా కనిపించేది. ఇంజన్లన్నీ ఒక్కసారి మొత్తుకుంటుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు, అందుకని డిపోలో అందరం చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. అక్క చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపిస్తే నాకూ బావకీ టీ సిద్ధంగా ఉందని. వేళ్ళు ముడిచేసి కళ్ళురిమితే "త్వరగా తగలడండి, చల్లారిపోతోంది" అని. ఆ టీకి కూడా కాస్త పొగ రుచి ఉండేది. ఎంత మంచి పొడి కొనితెచ్చినా ఇంట్లో ఆ రుచి రాలేదు నాకు.

చాలా ఏళ్ళకి డిపోకి పొగ కొలిచే మిషను వచ్చింది. సైలెన్సర్‌లో గొట్టం దూరిస్తే చాలు, పొగలో ఏ విషం ఎంతుందో అంకెల్లో చూపిస్తుంది. ఇంక బావ పని అయిపోయిందని అందరూ జాలిపడ్డారు. బొర్ర డ్రైవరైతే "నీ గుడ్డలతో ఇంక అద్దాలు తుడుచుకో మేస్త్రీ" అని పాత కక్ష తీర్చుకున్నాడు. నొచ్చుకుంటాడేమో అనుకున్నాం. ఆయన మాత్రం ఆ మిషను చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. "కంటికి కనపడనిది కూడా చూపిస్తుందా ఇది?" అని అడిగిందే అడిగాడు. చూపిస్తుందన్నారు. "ఇది అప్పుడే ఉండుంటే..." అని మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ "అప్పుడు" ఏమిటో తెలిసినవాళ్ళం అప్పటికి కొద్దిమందిమే మిగిలాం. నేనిప్పుడు చెప్పబోయేది అదే.

మా దగ్గర చలి మామూలు చలి కాదు. తెల్లారేసరికి పంపు కింద బకెట్లో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు తెగిపడినట్టుండేది. అక్కకి రోజంతా ఆ నీళ్ళలో గ్లాసులు కడిగే పని. వేళ్ళు పగిలి రక్తాలు కారేవి. టీ గదేమో రేకుల గది. పొయ్యి ముందు కాస్త వెచ్చగా ఉన్నా వీపంతా మంచుముద్ద. "నేనిక్కడ బిగుసుకుపోయాక గానీ నీకు నా మీద ధ్యాస రాదయ్యా" అని ఓ రోజు బావ మీద విరుచుకుపడింది. ఆయన మామూలుగా అయితే ఓ జోకు వేసి తప్పించుకునేవాడే. ఆ రోజు మాత్రం అక్క చేతులు రెండూ పట్టుకుని, ఆ పగుళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసి వెళ్ళిపోయాడు.

టీ గదిని ఆనుకునే కంప్రెసర్ షెడ్డు. టైర్లకి గాలి కొట్టడానికి అందులో పాత ఇంజనొకటి పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆడుతూ ఉండేది. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరసనాయిలు మీదికి మార్చే రకం. దాని పొగ గొట్టం ముట్టుకుంటే చర్మం ఊడేంత వేడి. అంత వేడీ ఆకాశంలోకి దండగగా పోతోందని బావకి తట్టింది. పక్కనపడేసిన బస్సుల సైలెన్సర్ గొట్టాలు ఏరుకొచ్చాడు. ఒకదానికొకటి అతికాడు. ఆ ఇంజను పొగని గోడకి కన్నం చేసి టీ గదిలోకి తెచ్చాడు. గొట్టాన్ని బెంచీల కిందుగా మూడు గోడల చుట్టూ తిప్పి, అవతలి గోడలోంచి బయటికి పంపించాడు. అతుకుల్లో వేడికి కాలని ఆస్బెస్టాస్ తాడు కుక్కి ఇనపతీగతో బిగించాడు. వేడి బయటికి పోకుండా కిటికీ సందుల్లో పాత ట్యూబు ముక్కలు దూర్చాడు. చివరికి తలుపు కింద కూడా ఓ రబ్బరు పట్టీ కొట్టాడు.

అబ్బో, ఏం వైభోగం అది! బయట ఎముకలు కొరికే చలి, తలుపు తోసుకుని లోపలికొస్తే వెచ్చగా దుప్పట్లో దూరినట్టుండేది. డ్రైవర్లు తడిసిన మేజోళ్ళు ఆ గొట్టం మీద ఆరేసుకునేవారు. మేనేజరు తన గదిలో టీ తాగడం మానేసి ఇక్కడికే వచ్చేవాడు. వచ్చిన ప్రతివాడికీ అక్క పనిగట్టుకుని చెప్పేది, "నా చేతులు చూసి ఉండబట్టలేక కట్టాడు" అని. లోకంలో ఎవరినీ లెక్కచెయ్యని మా అక్క, ఆ మాట చెప్పేటప్పుడు కొత్తపెళ్ళికూతురిలా తలొంచుకునేది. నాకు నవ్వొచ్చేది. కొంచెం అసూయ కూడా వేసేదేమో, ఎందుకు అబద్ధం చెప్పాలి?

బావ ఆనందానికైతే పట్టపగ్గాల్లేవు. టీ గదిలోంచి పోయే పొగ కదా అని ఆ కంప్రెసర్ ఇంజను విప్పి, శుభ్రం చేసి, స్క్రూలు తిప్పి తిప్పి అసలు పొగే కనపడకుండా చేశాడు. అవతల గొట్టం చివర నిలబడి ఎంత చూసినా వేడిగాలి రెపరెపలాడడం తప్ప ఏమీ కనిపించేది కాదు. "చూశావా మరదలా, పొగంటే ఇలా ఉండాలి. నవజాత శిశువు ఊపిరి" అని మురిసిపోయాడు.

ఆ గదిలో కూర్చుంటే ఎవరికైనా కళ్ళు వాటంతటవే వాలిపోయేవి. డ్యూటీ దిగిన డ్రైవర్లు టీ తాగి గోడకి చేరగిలబడి అలాగే నిద్రపోయేవారు. "ఇది గది కాదు మేస్త్రీ, అమ్మ ఒడి" అని మెచ్చుకునేవారు. మేమూ నవ్వేవాళ్ళం. మరి కిరసనాయిలు పొగ వాసన రాలేదా అంటారేమో. డిపోలో పనిచేసేవాళ్ళ ముక్కుకి అదొక వాసనా? మా జుట్టులో, బట్టల్లో, అన్నం గిన్నెలో, పడుకునే దిండులో అదే ఉండేది. చేప నీళ్ళ వాసన చెప్తుందా? పైగా మాకు పొగంటే నల్లగా, కళ్ళు మండించేదే పొగ. కనిపించకపోతే లేనట్టే.

ఆ చలికాలంలోనే అక్కకి తలనొప్పి మొదలైంది. మధ్యాహ్నమయ్యేసరికి కణతలు పట్టుకుని కూర్చునేది. వాంతొచ్చినట్టుండేదట. మోకాళ్ళలో సత్తువ ఉండేది కాదు. ఒకే గ్లాసులో రెండుసార్లు చక్కెర వేసేది. తలకి గుడ్డ బిగించి కట్టుకుని అలాగే పని చేసుకునేది. డ్రైవర్లంతా "తలకట్టు అక్కా" అని ఆటపట్టించేవారు. బావ పాపం ఊరుకోలేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. బిళ్ళలు మింగించాడు. చూపు తేడా ఏమోనని కళ్ళజోడు కొనిపెట్టాడు. కళ్ళజోడు పెట్టుకున్న అక్కని చూసి "హెడ్మాస్టరమ్మా, టీ దొరుకుతుందా?" అని ఎగతాళి చేశాడు. ఎండలు ముదిరేసరికి గొట్టం విప్పేశారు, తలుపులు తెరిచారు, నొప్పి తగ్గిపోయింది. అందరం బిళ్ళలే పనిచేశాయనుకున్నాం.

మళ్ళీ చలికాలం వచ్చింది, మళ్ళీ గొట్టం బిగించారు, మళ్ళీ తలనొప్పి. ఈసారి ఇంకా ఎక్కువ. సెలవురోజు అక్క మా ఇంటికి వచ్చేది. పొద్దున వచ్చేటప్పుడు మొహం పీక్కుపోయి ఉండేది. మధ్యాహ్నానికి కాస్త తేరుకుని కబుర్లు మొదలుపెట్టేది. సాయంత్రానికి ఇద్దరి తిండి తిని ఇల్లెగిరిపోయేలా నవ్వేది. ఓ సెలవురోజు నాతోపాటు పప్పు ఏరుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏమే, నాకిక్కడ తల నొయ్యదేంటే?" అంది.

"మా ఇంటి గాలి అలాంటిది" అన్నాను మామూలుగా.

అక్క నవ్వలేదు. చేట పక్కకి జరిపి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది. "ఎండాకాలమంతా నొయ్యలేదు. సెలవురోజు నొయ్యదు. ఆ గదిలో కూర్చుంటేనే నొస్తుంది. ఆ గొట్టమేనేమోనే" అంది, చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించి. మొగుడికి చాటుగా ఏదో తప్పు చేస్తున్నట్టు భయపడుతోంది.

నాకు ఒళ్ళు మండింది. "మరి ఆ మాట బావతో చెప్పేడవక నాతో చెప్తావేం?"

"ఎలా చెప్పనే? నాకోసం కట్టాడు. పొగ బాగాలేదంటే ఆయనకి ప్రాణం పోయినట్టుంటుంది."

"నీ ప్రాణం పోయేదాకా ఊరుకో మరి" అన్నాను. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

రెండు మూడు రోజులకే అక్క గ్లాసుల పళ్ళెంతో సహా టీ గది గుమ్మంలో కూలబడిపోయింది. బయటికి తెచ్చి పడుకోబెట్టి నీళ్ళు చల్లితే తేరుకుంది. బావ పరుగెత్తుకుంటూ వచ్చాడు. అప్పుడు చెప్పింది. అందరి ముందూ కాదు, ఆయన చెయ్యి పట్టుకుని, మెల్లిగా చెప్పింది. "ఏమయ్యా, ఆ గొట్టంలోంచి ఏదో వస్తోంది. నాకు పడట్లేదు. తీసెయ్."

బావ మొహంలో రంగు మారిపోయింది. "నా పొగా?" అన్నాడు. "ఆ ఇంజను పొగా? అందులో ఏముందే, గాలి తప్ప?"

"ఏముందో నాకేం తెలుసు? తల బద్దలైపోతోంది, అంతే తెలుసు."

ఇంకొకడైతే పెళ్ళాం పడిపోయింది కదా అని గొట్టం పీకి అవతల పారేసేవాడు. ఈయన పొగ మేస్త్రీ! మర్నాడు పొద్దున్నే గొట్టం అతుకులన్నిటికీ తెల్లగుడ్డలు చుట్టి కట్టాడు. సాయంత్రం డిపోలో ఉన్నవాళ్ళందరినీ పిలిచి, ఒక్కొక్క గుడ్డా విప్పి చూపించాడు. పాలలా తెల్లగా ఉన్నాయన్నీ. ఒక్క మసి మరక లేదు. "చూడండి! ఎక్కడ కారుతోంది? గుడ్డ అబద్ధం చెప్తుందా?" అన్నాడు. గెలిచినట్టు కాదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు. ఆయన నమ్మకం అంత గట్టిది. డాక్టర్ని అడిగినట్టు గుడ్డని అడిగాడు, గుడ్డ ఏమీ లేదంది.

బొర్ర డ్రైవరు ఊరుకోక "అక్కకి గ్లాసులు కడగడమంటే మొహం మొత్తినట్టుంది మేస్త్రీ" అన్నాడు. నలుగురు నవ్వారు. బావ నవ్వలేదు, నిజమే. కానీ "నోరు ముయ్యరా" అని కూడా అనలేదు. నేనన్నాను, ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయకూడదు. అక్క కెటిల్ దించి పక్కన పెట్టింది. తలకి కట్టుకున్న గుడ్డ విప్పి మడత పెట్టింది. "నీకు గుడ్డ చెప్తే వినపడుతుంది, నేను చెప్తే వినపడదు" అని, నాతో మా ఇంటికి వచ్చేసింది.

మర్నాడు పొద్దున బావ మా గుమ్మంలో నిలబడ్డాడు. టీ గది తాళం వేసి ఉందట. ఆయన మొహం కూడా నిద్రలేక వేలాడిపోయి ఉంది.

"ఇంటికి రా" అన్నాడు.

"ఆ గొట్టం పీకెయ్, వస్తా" అంది అక్క.

"పీకితే నీకు విషం పెట్టానని నేనే ఒప్పుకున్నట్టు కాదూ?"

"అలా అని నేనన్నానా?"

"ఇంకేమంటున్నావే మరి?" గుమ్మం మీద అరచేత్తో చరిచాడు. "సరే. ఇవాళ నీ చోట్లో నేను కూర్చుంటా. టీ నేనే పెడతా. సాయంత్రం దాకా బయటికి రాను. నాకు తల నొస్తే నా చేత్తో నేనే పీకేస్తా. నొయ్యకపోతే నువ్వు ఇంటికొచ్చెయ్యాలి. ఇంక ఆ గొట్టం మాట ఎత్తకూడదు" అన్నాడు.

"పంతాలకి పోకయ్యా" అని అక్క లేచి నిలబడింది. అప్పటికే ఆయన మేకుకున్న తాళంచెవి తీసుకుని సందు మలుపు తిరిగేశాడు.

అక్క ఇంట్లో ఆగితేనా? నా వెనకే డిపోకి వచ్చి సీట్ల షెడ్డులో కూర్చుంది. చేతికో సూదిచ్చాను, కుట్టదు, ఊరికే పట్టుకుని కూర్చుంది. చూపంతా టీ గది తలుపు మీదే. ఆ రోజు చలికి తోడు ముసురు కూడా పట్టింది. రోడ్డు మీద మేకులు పడ్డాయో ఏమో, టైర్లు వరసపెట్టి పంక్చరై వస్తున్నాయి. కంప్రెసర్ ఇంజను క్షణం తెరిపి లేకుండా ఆడుతోంది.

మొదట్లో అంతా తమాషాగానే నడిచింది. బావ పెట్టిన టీ తాగి డ్రైవర్లు మొహాలు అష్టవంకర్లు తిప్పుకుంటూ బయటికొచ్చారు. "ఇందులో టీ పొడి ఉందా, గ్రీజు ఉందా?" అని మాకు వినపడేలా అరిచాడొకడు. బావ గుమ్మంలోకి వచ్చి, ఛాతీ విరుచుకుని, మా షెడ్డు వైపు చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపించాడు. అక్కకి నవ్వు ఆగలేదు. "చూడవే, ఎంత పొగరో" అంది. వెళ్ళి టీ తెచ్చుకోమని నన్ను తోసింది గానీ నేను కదల్లేదు. నాకింకా కోపం పోలేదు. ఆయన కాసేపు చూసి, జల్లు లోపలికి కొడుతోందని తలుపు వేసేసుకున్నాడు.

మధ్యాహ్నం బండ్లన్నీ బయటికి వెళ్ళిపోయాయి. డిపోలో మనుషులు పలచబడ్డారు. అక్క నాలుగైదుసార్లు లేచింది, కూర్చుంది. "ఆ తలుపు తెరుచుకోక చాలాసేపైందే" అంది. "నిద్రపోతున్నాడేమో, అమ్మ ఒడి కదా" అన్నాను వెటకారంగా. ఆ మాట వినగానే అక్క చేతిలో సూది కిందపడింది. వానలోకి పరుగు తీసింది.

నేను వెళ్ళేసరికి రెండు చేతులతో తలుపు బాదుతోంది. లోపల గడియ పెట్టి ఉంది. గాలికి తెరుచుకుంటోందని పెట్టుకున్నాడట, తర్వాత చెప్పాడు. "ఏమయ్యా! ఏమయ్యా!" అని అరుస్తోంది, ఇంజను హోరులో ఆ అరుపు నాకే వినపడటంలేదు. నేనూ భుజంతో తోశాను, తలుపు కదల్లేదు. అక్కే కంప్రెసర్ షెడ్డులోకి దూరి టైర్లు ఊడదీసే ఇనపకడ్డీ ఒకటి లాక్కొచ్చి తలుపు పక్క కిటికీ అద్దం పగలగొట్టింది. చెయ్యి లోపలికి పోనిచ్చి, గాజు గీరుకుపోతున్నా లెక్కచెయ్యకుండా గడియ తీసింది. ఇంజను ఆపమని నేను చేతులూపుతుంటే, డ్యూటీ దిగిన బొర్ర డ్రైవరు పరుగెత్తుకొచ్చి ఆపాడు.

లోపల పొగ లేదు. నిజంగానే లేదు, గదంతా కడిగినట్టు శుభ్రంగా ఉంది. అతుకులకి మళ్ళీ కట్టుకున్న గుడ్డలు మల్లెపూవుల్లా ఉన్నాయి. బావ మాత్రం పొయ్యి పక్కన, అక్క రోజూ కూర్చునే పీట మీంచి పక్కకి ఒరిగిపోయి పడి ఉన్నాడు. నోట్లోంచి నురగ. ముగ్గురం కలిసి ఈడ్చుకొచ్చి ఆవరణలో, వానలోనే పడుకోబెట్టాం. అక్క ఆయన చొక్కా గుండీలు తెంపేసి, చెంపల మీద వాయిస్తూ "లేవయ్యా! లేవరా, పంతాల మొగుడా! నువ్వే గెలిచావు, నీ పొగ మంచిదే, లేవరా!" అని నోటికొచ్చినట్టు అరిచింది. మొగుణ్ణి "రా" అనడం ఎవరూ పట్టించుకోలేదు. బొర్ర డ్రైవరు మోకాళ్ళ మీద కూర్చుని, బావ కాళ్ళు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

ఎంతసేపో తెలియదు. ఆయన ఛాతీ ఒక్కసారి ఎగసిపడింది. పక్కకి తిరిగి భళ్ళున కక్కుకున్నాడు. కళ్ళు తెరిచాడు గానీ చూపు నిలవలేదు. రెండు చేతులతో తల పట్టుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని "అమ్మా... అమ్మా..." అని మూలిగాడు. మా బావ అంత మూలగడం నేనెప్పుడూ వినలేదు. ఒకసారి చెయ్యి ఇంజను బెల్టులో పడి వేలు చిట్లినా జోకులేసిన మనిషి.

"ఏమయ్యా, నేనెవరో తెలుస్తోందా?" అంది అక్క. ఆమె చేతి రక్తం ఆయన చొక్కాకి అంటుకుంటోంది.

తెలుస్తోందన్నట్టు రెప్పలు వాల్చాడు. మళ్ళీ తల పట్టుకున్నాడు. కాసేపటికి అలాగే తల పట్టుకుని అక్క మొహంలోకి చూశాడు. ఆ చూపు ఎప్పుడూ బస్సు వెనకాల నిలబడి పొగని చూసేటంత శ్రద్ధగా ఉంది.

"నీకు రోజూ ఇలాగే ఉండేదా?" అన్నాడు.

అక్క కొంగుతో ఆయన మూతి తుడుస్తూ ఉంది.

"ఇంత నొప్పితోనా ఇన్నాళ్ళూ నాకు టీ పోసిచ్చావు?" అన్నాడు. వాన నీళ్ళో కన్నీళ్ళో, మొహమంతా కారిపోతోంది. "మరి నాతో చెప్పలేదేమే?"

"చెప్పాను కదయ్యా" అంది అక్క.